మణికట్టు మీది గుమాస్తా గారికి

అడుగులు లెక్కపెట్టే ఫిట్‌నెస్ బ్యాండ్ గారి సముఖమునకు, బొంతలు కుట్టుకునే ఒక మనిషి నమస్కరించి వ్రాయు విన్నపము.

ఉభయకుశలోపరి. ఉత్తరం మొదట్లో నా క్షేమసమాచారాలు రాయడం మర్యాదే గానీ, నేను రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నానో, ఎన్నిసార్లు అటూ ఇటూ దొర్లానో, తెల్లవారుజామున నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో నాకంటే ముందు తమరికే తెలుస్తుంది కనుక ఆ శ్రమ తీసుకోవడం లేదు. నేరుగా ఫిర్యాదులోకి వస్తున్నాను.

తమరు మా ఇంటికి వచ్చిన కారణం తమరికి ఎవరూ చెప్పి ఉండరు. నేను రోజంతా కుర్చీకి అతుక్కుపోతున్నానని, కుట్టుమిషను ముందు కూర్చోవడం విశ్రాంతిలో ఒక రకమని మా ఇంట్లో ఒక అభిప్రాయం స్థిరపడింది. మా ఆయన, పిల్లలు కలిసి ఆలోచించి, నా పుట్టినరోజు నాడు రంగుల గుడ్డ తెస్తారని నేను ఎదురుచూస్తున్న సమయంలో తమరిని తెచ్చి చేతికి తొడిగారు. ఆ నాటి నుంచి తమరు గుమాస్తాగా నా మణికట్టు మీద కూర్చుని, నేను చేసిన పనిలో ఏది పనో ఏది కాదో తేల్చి పద్దు రాస్తున్నారు. ఆ పద్దుల గురించే ఈ విన్నపం.

తమరి లోపల మూడు దిక్కుల కదలికను పసిగట్టే చిన్న పరికరం ఒకటి ఉందని, చేయి ఒక తాళంలో ఊగితే దాన్ని అడుగుగా జమ వేస్తుందని తెలుసుకున్నాను. అంటే తమరు నా కాళ్లను ఎన్నడూ చూడలేదన్నమాట. చేయి ఊగడాన్ని బట్టి కాళ్లు కదిలి ఉంటాయని ఊహిస్తారు. వంటింట్లో గిన్నె ముందు నిలబడి పిండి గిలక్కొడుతుంటే నేను ఊరు దాటిపోయినంత లెక్క వేసి, ఆనక అభినందనలు కూడా తెలుపుతారు. అదే నేను ఉతికి ఆరబెట్టిన పెద్ద బొంతను రెండు చేతులా గుండెకు అదుముకుని మెట్లన్నీ ఎక్కి మేడ మీది గదిలోకి చేరిస్తే, చేతులు ఊగలేదు కనుక నేను ఎక్కడికీ వెళ్లనట్టే లెక్క. అస్తరు, దూది పొర, పై పొర మూడింటినీ నేల మీద పరచి, ముడత లేకుండా సాపు చేస్తూ, జారిపోకుండా పిన్నులు గుచ్చుతూ ఈ మూల నుంచి ఆ మూలకు మోకాళ్ల మీద పాకే పని ఒకటుంది. బొంతలు కుట్టేవాళ్లందరూ వాయిదా వేసే పని అదొక్కటే. అది ముగించి నడుము పట్టుకుని లేచేసరికి తమరు చూపించిన సందేశం: ఈ రోజు తమరు చాలాసేపు కదలకుండా ఉన్నారు.

కోపగించుకోకుండా ఒక చిన్న లెక్క చూడండి. లెక్కలంటే తమరికి ఇష్టమే కదా. అయిదు అంగుళాల చదరపు ముక్కలతో, అడ్డంగా ఇరవై, నిలువుగా ఇరవై పెట్టి ఒక సాదా బొంత కుట్టాలనుకుందాం. 400 ముక్కలు కత్తిరించాలి. ప్రతి ముక్కకూ నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది కనుక ఒక్కొక్కటి నాలుగున్నర అంగుళాలుగా మిగిలి, మొత్తం పై పొర 90 అంగుళాల చదరం అవుతుంది. ఒక్కో వరసలో 19 అతుకులు, అలాంటి వరసలు ఇరవై, ఆ వరసలను ఒకదానితో ఒకటి కలిపే పొడవాటి అతుకులు మరో 19. అన్నీ కూడితే కుట్టిన దారి సుమారు 3,620 అంగుళాలు, అంటే 90 మీటర్లకు పైన. మనిషి అడుగు ముప్పై అంగుళాలు అనుకుంటే, ఆ బొంత పై పొర మొత్తం తమరి కొలతలో 120 అడుగులు. మా అబ్బాయి ఫోనులో మాట్లాడుతూ హాల్లో పచార్లు చేస్తే, అవతలి మనిషి 'ఇంకేమిటి సంగతులు' అనేలోపే అంత నడక అయిపోతుంది.

ఇది మిషను కుట్టు మాట. చేతికుట్టు సంగతి వేరే చెప్పుకోవాలి. ఆ అతుకుల వెంబడే అడ్డంగానూ నిలువుగానూ మూడు పొరలనూ కలుపుతూ చేత్తో కుట్టుకుంటూ పోతే, అంగుళానికి ఎనిమిది కుట్ల చొప్పున మొత్తం 27,000 దాటుతాయి. చేయి తిరిగినవాళ్లు అంగుళానికి పది, పన్నెండు కూడా వేస్తారు. ఒక చేయి బొంత అడుగున ఉండి సూది మొన తగిలిందో లేదో వేలికొసతో కనిపెడుతూ ఉంటుంది. పై చేయి తొడుగు వేసుకున్న వేలితో సూదిని నిలువుగా దించి, వెనక్కి వాల్చి, మళ్లీ దించి, నాలుగైదు కుట్లు సూది మీద చేరాక ఒక్కసారిగా దారం లాగుతుంది. ఈ పనిలో ఎంత నేర్పు వస్తే మణికట్టు అంత తక్కువ కదులుతుంది. కనుక నేను పనిలో మెరుగుపడుతున్న కొద్దీ తమరి పుస్తకంలో సోమరినవుతున్నాను. కొత్తలో చేతులు అడ్డదిడ్డంగా ఊపుతూ కుట్టేవాళ్లు తమరి దృష్టిలో వ్యాయామవీరులై ఉంటారు.

తమరి హెచ్చరికల గురించి కొంత కటువుగానే రాయవలసి వస్తోంది. గంట ముగిసే ముందు తమరు జుమ్మని వణికి, లేచి నాలుగడుగులు వేయమంటారు. ఉద్దేశం మంచిదే, వేళ మంచిది కాదు. ముక్కల జతలను దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి మిషను పాదం కిందికి అందిస్తూ, తోరణంలా కుట్టుకుంటూ పోయే పద్ధతి ఒకటి ఉంది. దారం ఆదా, సమయం ఆదా, ఒకసారి లయ కుదిరితే మనసుకు హాయి. ఆ లయ మధ్యలో మణికట్టు వణికితే పావు అంగుళం కుట్టు పక్కకు జరుగుతుంది. ఒక్కో అతుకులో అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా, 19 అతుకులు దాటేసరికి ఆ వరస పక్క వరసకంటే అంగుళానికి పైగా పొట్టిదో పొడుగుదో అవుతుంది, మూలలు ఒకదానితో ఒకటి కలవవు. గుడ్డ కత్తిరించే వేళ సంగతి ఇంతకంటే ప్రమాదం. 1979లో ఒక జపాన్ సంస్థ చక్రంలా తిరిగే బ్లేడు ఉన్న కత్తెరను తెచ్చిన తరువాత మా పని ఎన్నో రెట్లు వేగం పుంజుకుంది. దానికి గుడ్డకూ వేలికీ తేడా తెలియదు. స్కేలు మీద ఎడమచేయి బిగించి, కుడిచేత్తో ఆ బ్లేడును ముందుకు తోస్తున్న క్షణంలో ఆరోగ్యం గురించి ఉలిక్కిపడేలా గుర్తు చేయడం ఏ వైద్యశాస్త్రంలో ఉందో తమరే సెలవివ్వాలి.

తప్పు కుట్టు విప్పేటప్పుడు తమరి ప్రవర్తన మరీ విచిత్రం. వరస తలకిందులుగా అతికిందని తెలిసి, కుట్లు విప్పే ముల్లు పట్టుకుని ఒక్కొక్క కుట్టూ తెంపుతుంటే నా గుండె వేగం పెరుగుతుంది, ఎవరికైనా పెరుగుతుంది. చర్మం మీద పచ్చదీపం వేసి రక్తప్రవాహాన్ని తొంగిచూసే తమరు ఆ వేగాన్ని వెంటనే పట్టేసి, 'వ్యాయామం మొదలుపెట్టారా?' అని ఉత్సాహంగా అడుగుతారు. జవాబు చెప్పకపోతే, గాఢంగా శ్వాస తీసుకోమని సలహా ఇస్తారు.

ఇక తమరు పొద్దస్తమానం చూపించే ఆ పదివేల అడుగుల గమ్యం. అది వైద్యులు కూర్చుని తేల్చిన అంకె అయి ఉంటుందని చాలాకాలం గౌరవించాను. 1964 టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి సంవత్సరం జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక నడక మీటరు పేరులోనే ఆ పదివేలు ఉందని, పలకడానికి గుండ్రంగా ఉన్న ఆ అంకె ప్రకటనల వెంట ప్రపంచమంతా తిరిగి చివరకు శాస్త్రవాక్యమై కూర్చుందని చదివిన తరువాత ఆ గౌరవం కొంత సడలింది. అమెరికాలో సగటు వయసు 72 ఏళ్లున్న పదహారు వేల పైచిలుకు మహిళలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు దాదాపు 4,400 అడుగులు వేసేవాళ్లలో కూడా, 2,700 దగ్గర ఆగిపోయేవాళ్లకంటే మరణాలు తక్కువగా ఉన్నాయని, 7,500 దాటిన తరువాత అదనపు లాభం కనిపించలేదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో రోజుకు ఇన్ని అడుగులనే గమ్యం ఏదీ లేదు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని, కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని, కూర్చునే సమయం తగ్గించుకోవాలని ఉంది. తడిసిన పెద్ద బొంతను తొట్టిలోంచి ఎత్తి పిండడం కండరాలకు బలమిచ్చే వ్యాయామాల జాబితాలో చేర్చమని ఆ సంస్థకు కూడా ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను.

తమరి మూలంగా మా ఇంటి భోజనాల బల్ల దగ్గర మాటల తీరు మారిపోయింది. ఇదివరకు కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేవారు. ఇప్పుడు ఎవరివి ఎన్ని అడుగులని అడుగుతున్నారు. నాకు కుట్టుపని ఎక్కువగా ఉన్న రోజుల్లో మా ఆయన వంట చేస్తారు. ఆ రోజుల్లో గరిటె తిప్పిన పుణ్యానికి ఆయన మొదటి స్థానంలో నిలుస్తారు. ఆయన దాన్ని నడకగానే చెప్పుకుంటారు, తమరు అడ్డు చెప్పరు. మా అత్తగారికి బ్యాండ్ లేదు. ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరికంటే చివర పడుకునే ఆవిడ, తమరి పట్టికలో పేరే లేకుండా, అసలు కదలని మనిషిగా ఉండిపోయారు. ఆవిడ ఒకసారి తమరిని చూసి, 'ఇదేమైనా గిన్నెలు కడుగుతుందా?' అని అడిగారు. కడగదని చెప్పాక మళ్లీ ఆ ప్రసక్తి తేలేదు.

తినేదంతా రాసుకోమని తమరు అడగడం మరో ముచ్చట. బొంత కుట్టేవాళ్ల తిండికి ఒక నియమం ఉంది: నూనె చేతితో గుడ్డ ముట్టరాదు. 'ఈ ఒక్క వరస అయ్యాక తింటాను' అనేది మా అందరి ఊతపదం. ఆ ఒక్క వరస ఎప్పుడూ ఒక్కటితో ఆగదు కాబట్టి మధ్యాహ్న భోజనం సాయంత్రానికి జరుగుతుంది. అప్పుడు రెండు పూటల ఆకలి కలిసి కూర్చుంటుంది. ఇందులో బాగుపడవలసినది నిజంగా ఉంది. కానీ తమరు నేను తిన్న వేళ అడగరు, తిన్న కేలరీలు మాత్రమే అడుగుతారు. ఉన్న ఒక్క లోపాన్నీ చూడకుండా, లేని లోపాలన్నీ లెక్కగట్టే పద్దు ఇది.

న్యాయం తప్పకూడదు కనుక ఇది కూడా రాస్తున్నాను. గంటల తరబడి వంగి కూర్చోవడం మెడకూ భుజాలకూ మంచిది కాదని, మణికట్టు నరాలు పట్టేస్తాయని మా తరహా వాళ్లకు తమరు పుట్టకముందే తెలుసు. అందుకే ఇస్త్రీ బల్లను కావాలని మిషనుకు దూరంగా, వీలైతే పక్క గదిలో పెట్టుకోమని అనుభవజ్ఞులు చెబుతారు. ప్రతి అతుకునూ ఇస్త్రీతో అదమాలి కాబట్టి లేవక తప్పదు, పని ఆగకుండానే కాళ్లు కదులుతాయి. మోచేయి మిషను పలక ఎత్తుకు రావాలని, పెద్ద బొంత బరువు భుజాల మీద పడకుండా పక్కన మరో బల్ల వేసుకోవాలని, మిషను అడుగు దారం చుట్టి ఉండే చిన్న కండె, అదే బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా దారం చుట్టుకునే ముందు భుజాలు ఒకసారి వెనక్కి తిప్పుకోవాలని కూడా చెబుతారు. ఈ బాబిన్ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. అది పని ఆగిన చోటే లేవమంటుంది. గంట చూసి కసరదు.

కాబట్టి తమరిని పూర్తిగా వదిలించుకునే ఆలోచన నాకు లేదు. సాయంత్రం నడకకు తమరు వెంట రావచ్చు, అక్కడ చేతులూ కాళ్లూ ఒకే మాట మీద ఉంటాయి కనుక మనిద్దరికీ గొడవ రాదు. కత్తిరించే వేళ, చేతికుట్టు వేళ తమరి స్థానం గుండీల డబ్బాలో. నేల మీద పాకే రోజున తమరిని చీలమండకు కట్టుకుని చూస్తాను. అప్పటికీ సున్నాయే చూపిస్తే మళ్లీ మాట్లాడుకుందాం. ఇంటి పోటీ పట్టికలోంచి నా పేరు తీసేయమని పిల్లలకు చెప్పాను. నా పేరు తీస్తే చివరి స్థానం తన మీద పడుతుందని మా అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు.

చివరిగా, తమరి రబ్బరు పట్టీ చెమటకు నా చర్మం మీద దద్దురు తెప్పిస్తున్నందున, బొంతలో మిగిలిన నూలు ముక్కలు అతికి, లోపల పలచని దూది పొర పెట్టి, అంగుళానికి పది కుట్ల చొప్పున కుట్టి తమరికి కొత్త పట్టీ తయారు చేశాను. రెండు సాయంత్రాలు పట్టింది. కొలతల కోసం తమరిని విప్పి బల్ల మీద పెట్టుకున్నాను కనుక, ఆ రెండు సాయంత్రాలూ నేను ఇంట్లో లేనట్టు తమరి పుస్తకంలో నమోదై ఉంటుంది. దయచేసి సరిదిద్దుకోగలరు.

ఇట్లు,
తమరి పట్టీ కుట్టిన మనిషి