పిల్లల ఐబీడీకి టిఫిన్ డబ్బాను దోషిని చేయవచ్చా?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ, బడి పిల్లల తల్లిదండ్రుల గ్రూపుల్లోనూ ఒక సందేశం విరివిగా చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది. పిల్లల్లో ఐబీడీ, అంటే క్రాన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాలిక పేగువాపు జబ్బులు, తల్లులు డబ్బాలో పెట్టే నూడుల్స్, చిప్స్ వల్లనే వస్తున్నాయి. మన పాతకాలపు తిండి తిన్నవారికి ఈ జబ్బు లేదు. గోధుమ, పాలు పూర్తిగా మాన్పించి 21 రోజుల పాటు రాగిజావ, పసుపు కలిపిన మజ్జిగ మాత్రమే ఇస్తే జబ్బు సమూలంగా పోతుంది. ఈ సంగతి తెలిసినా మందులు అమ్ముకోవడానికి డాక్టర్లు దాస్తున్నారు. ఇందులో కొంత నిజం కలిసి ఉన్నందువల్లనే, దీన్ని ఒక్కమాటతో కొట్టిపారేయకుండా విడదీసి చూడవలసి వస్తోంది.

మొదటిది, నూడుల్స్, చిప్స్ వల్లనే అన్న మాట. కర్మాగారాల్లో అతిగా శుద్ధి చేసి తయారుచేసిన ఆహారానికీ ఐబీడీకీ సంబంధం ఉన్నట్టు చూపిన అధ్యయనాలు ఉన్నాయి. 21 దేశాల్లో 1,16,087 మందిని సుమారు పదేళ్లపాటు గమనించిన ప్యూర్ అధ్యయనం 2021లో వెలువడింది. అలాంటి ఆహారాన్ని రోజుకు ఐదుసార్లు, అంతకు మించి తిన్నవారిలో, ఒకసారి కంటే తక్కువ తిన్నవారితో పోలిస్తే ఐబీడీ ముప్పు సుమారు 80 శాతం ఎక్కువగా ఉందని అది తేల్చింది. సందేశం రాసినవారు ఇంతవరకే చదివి ఆగిపోయినట్టున్నారు. అందులో పాల్గొన్నవారు 35 నుంచి 70 ఏళ్ల పెద్దలు. పైగా మొత్తం అందరిలో ఐబీడీ వచ్చినవారు 467 మంది, అంటే వెయ్యికి నలుగురు. అంత అరుదైన జబ్బు విషయంలో ముప్పు దాదాపు రెట్టింపైనా, ఆ తిండి తిన్నవారిలో అత్యధికులకు అది రాదు.

పిల్లల మీద నేరుగా జరిగిన పరిశోధన కూడా ఉంది. స్వీడన్, నార్వే దేశాల్లో 81,280 మంది పిల్లలు ఏడాది వయసులో ఏం తిన్నారో నమోదు చేసి, ఆ తర్వాత ఏళ్లతరబడి వారిని గమనించగా 307 మందికి ఐబీడీ నిర్ధారణ అయింది. 2024లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, ఏడాది వయసులో చేపలు, కూరగాయలు ఎక్కువగా తిన్నవారిలో ముప్పు తక్కువగానూ, చక్కెర కలిపిన పానీయాలు తాగినవారిలో ఎక్కువగానూ కనబడింది. మూడేళ్ల వయసు నాటి ఆహారాన్ని చూసేసరికి ఈ సంబంధాల్లో చాలావరకు నిలవలేదు, చేపలది ప్రధానంగా మిగిలింది. కాబట్టి ఈ ఆధారాన్ని పట్టుకుని మాట్లాడదలచినవారు పసితనంలో తినిపించే మొదటి ముద్దల గురించీ, శీతల పానీయాల గురించీ మాట్లాడాలి. నాలుగో తరగతి పిల్లవాడి డబ్బాలోని నూడుల్స్‌ను చూపించి తల్లిని నిలదీయడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

ఇంకొక చిక్కు ఉంది. ఐబీడీ బయటపడడానికి నెలల ముందునుంచే పిల్లలకు కడుపునొప్పి, ఆకలి మందగించడం మొదలవుతాయి. అన్నం, పప్పు చూస్తేనే మొహం తిప్పుకునే పిల్లవాడు బిస్కెట్లో, నూడుల్సో అయితే నాలుగు మెతుకులు తింటాడని ఇంట్లోవాళ్లు అవే పెడతారు. రోగం తేలాక వెనక్కి తిరిగి చూస్తే, జబ్బు తెచ్చిపెట్టిన తిండి అలవాటే జబ్బుకు కారణమైనట్టు కనబడుతుంది. ఒకే వంటింట్లో ఒకే డబ్బా తిన్న అక్కకు ఏమీ కాకుండా తమ్ముడికే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకైతే సందేశంలో జవాబే లేదు. ఈ జబ్బులో జన్యువులు, పేగుల్లోని సూక్ష్మజీవులు, రోగనిరోధక వ్యవస్థ స్పందించే తీరు, పసితనంలో వాడిన యాంటీబయాటిక్స్ వంటివన్నీ పాలుపంచుకుంటాయి. ఆరేళ్లలోపే మొదలయ్యే కేసుల్లో కొన్నిటికి ఒకే ఒక్క జన్యులోపం కారణమని తేలింది. ఆ బిడ్డకు తల్లి ఏం వండిపెట్టినా జబ్బు వచ్చేదే.

పూర్వీకుల సంగతి. పంజాబ్‌లో జరిపిన సర్వేలో అల్సరేటివ్ కొలైటిస్ లక్షకు 44 మందిలో ఉన్నట్టు 2003లోనే ప్రచురితమైంది. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరవాసులనూ గ్రామీణులనూ కలిపి ముప్పై వేలకు పైగా రోగులను పరిశీలించి 2023లో వెలువరించిన ఫలితాల్లో, ఐబీడీ విషయంలో పట్నానికీ పల్లెకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పల్లెల్లోకీ ప్యాకెట్ తిండి చేరిందని ఎవరైనా అనవచ్చు, అది నిజం కూడా. అయితే పెద్దపేగు లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ లేని కాలంలో రక్తవిరేచనాలన్నిటినీ జిగట విరేచనాల ఖాతాలోనో, పేగు క్షయ ఖాతాలోనో వేసేవారన్నదీ అంతే నిజం. రోగం పేరు తెలియకపోవడాన్ని రోగం లేకపోవడంగా లెక్కవేయడం కుదరదు.

గోధుమ, పాలు. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల పేగు దెబ్బతినేది సీలియాక్ అనే వేరే జబ్బులో. దాన్ని పట్టే రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగా పనిచేస్తుంది కనుక, పరీక్షకు ముందే చపాతీ మాన్పించినవారు డాక్టరుకు దొరకవలసిన ఆధారాన్ని చెరిపేస్తున్నారు. పాలు అరగని పిల్లలు కొందరుంటారు. వారికి ఉబ్బరం, నీళ్ల విరేచనాలు అవుతాయే గాని పేగులో పుండ్లు పడవు. ఐబీడీ పిల్లల ఎముకలు జబ్బువల్లా, స్టెరాయిడ్ల వల్లా ముందే బలహీనపడి ఉంటాయి కాబట్టి, అవసరం లేకుండా పాలు ఆపడం నష్టమే. పాలు మానమన్న సందేశమే మజ్జిగ తాగించమనడం మరో ముచ్చట.

అసలు ప్రమాదం 21 రోజుల చికిత్సలో ఉంది. పసుపు గురించి ఉన్న మంచి ఆధారాన్నే తీసుకుందాం. 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 50 మంది పెద్దలకు, పేగువాపు తగ్గించే మెసలమిన్ మందును కొనసాగిస్తూనే, కొందరికి పసుపులో ఉండే కర్‌క్యుమిన్ అనే పదార్థాన్ని రోజుకు 3 గ్రాములు కూడా ఇచ్చారు. నెల తిరిగేసరికి అది తీసుకున్నవారిలో సగానికి పైగా ఉపశమనం పొందారు. అది అల్సరేటివ్ కొలైటిస్‌లో, మందుకు తోడుగా ఇచ్చినది, మందుకు బదులుగా కాదు. మన వంటింటి పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం ఉంటుంది. ఆ లెక్కన 3 గ్రాములు అందాలంటే రోజుకు 100 గ్రాముల పసుపు తినాలి. గ్లాసు మజ్జిగలో కలిపే చిటికెడుకు ఈ ప్రయోగాన్ని సాక్ష్యంగా తేవడం ఎంతమాత్రం తగదు. రాగులు మంచి ధాన్యమే, కాల్షియం దండిగా ఉంటుంది. కాని పెరిగే వయసులో, అప్పటికే బరువు తగ్గిన పిల్లకు మూడు వారాలు జావ, మజ్జిగలతో సరిపెడితే మాంసకృత్తులూ శక్తీ చాలవు.

డాక్టర్లు ఆహారం సంగతి దాస్తున్నారన్న ఆరోపణకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పిల్లల క్రాన్స్ వ్యాధికి యూరప్ నిపుణుల మార్గదర్శకాలు 2014 నాటికే మొదటి చికిత్సగా సూచించినది ఆహారాన్నే. ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి ఆపేసి, సంపూర్ణ పోషకాలున్న ఫార్ములా పాలను మాత్రమే తాగిస్తారు. పదిమందిలో సుమారు ఎనిమిది మందికి జబ్బు అదుపులోకి వస్తుంది, స్టెరాయిడ్లు చేసే ఎదుగుదల నష్టం ఉండదు. ఇల్లంతా ఆదివారం బిర్యానీ తింటుంటే పదేళ్ల పిల్ల తన గ్లాసు పట్టుకుని కూర్చోవడం తేలికైన సంగతి కాదు. డైటీషియన్ బరువు చూస్తూ, మోతాదు మారుస్తూ వెన్నంటి ఉండాలి. ఆ ఫార్ములాల్లో చాలావాటిలో ఉండేవి పాల మాంసకృత్తులే, తయారయ్యేది ఫ్యాక్టరీలోనే. సందేశం రాసినవారు నిషేధించిన రెండూ కలిసి ఇక్కడ మందుగా పనిచేస్తున్నాయి. ఆ తర్వాత కూడా జబ్బు తిరగబెట్టకుండా మందులు కొనసాగించాలి, మరి అల్సరేటివ్ కొలైటిస్‌లో ఈ పద్ధతి పనిచేయదు. ఏ పిల్లవాడికి ఏ జబ్బో తేలకుండా అందరికీ ఒకటే జావ రాసిన సందేశంలో ఈ తేడా ప్రస్తావనే లేదు.

మన దగ్గర నిర్ధారణ మరీ ముఖ్యం. పేగు క్షయ, క్రాన్స్ ఒకదానినొకటి పోలి ఉంటాయి. క్షయను క్రాన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిస్తే క్షయ విజృంభిస్తుంది. రక్తం పడడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, వారాలతరబడి జ్వరం, మలద్వారం దగ్గర పుండ్లు ఉంటే పిల్లల జీర్ణకోశ నిపుణుడిని కలవాలి. కొన్నిసార్లు ఇవేవీ ఉండవు. జూన్‌లో బడి తెరిచేసరికి నిరుటి యూనిఫాం ఇంకా వదులుగానే ఉండడం ఒక్కటే గుర్తుగా కనబడుతుంది. జావతో పది రోజులకు రక్తం ఆగినా నయమైనట్టు కాదు, ఎందుకంటే ఈ జబ్బు తనంతట తానే తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుంది. లోపలి వాపు సంగతి, పేగు వాచినప్పుడు మలంలో పెరిగే కాల్‌ప్రొటెక్టిన్ అనే మాంసకృత్తును కొలిచే పరీక్ష చెబుతుంది, అవసరమైతే కొలనోస్కోపీ చెబుతుంది. వాడుతున్న మందు ఆపాలా వద్దా అన్నది ఆ ఫలితాలు చేతికి వచ్చాక డాక్టరుతో తేల్చుకోవలసిన విషయం.