టెన్షన్ వేరు, హైపర్‌టెన్షన్ వేరు

"హైపర్‌టెన్షన్ అంటే పేరులోనే ఉంది, టెన్షన్ ఎక్కువైపోవడం. మనసు ప్రశాంతంగా ఉంచుకుంటే బీపీ దానంతటదే పోతుంది, మాత్రలు అక్కర్లేదు" అనే మాట ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నమ్మి మాత్ర ఆపేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి దీన్ని వదిలేయలేం.

ముందు పేరు సంగతి. "పరీక్షంటే టెన్షన్‌గా ఉంది" అన్నప్పుడు మనం చెప్పేది మనసులోని కంగారు. డాక్టరు రాసే హైపర్‌టెన్షన్‌లో టెన్షన్ అంటే రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడి. అధిక రక్తపోటు అని తెలుగులో అంటే ఈ తికమకే ఉండదు. కానీ మందుల చీటీ మీద ఆ మాట కనిపించడం అరుదు.

"టెన్షన్ లేనివాళ్ళకు బీపీ రాదు" అంటారు. కంగారు పడితే బీపీ కాసేపు పెరుగుతుంది, నిజమే. అందుకే కొలిచే ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోమంటారు. వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితేనే జబ్బుగా లెక్క. వయసు, వంశం, బరువు, మద్యం, కిడ్నీ జబ్బులు దీనికి దారి తీస్తాయి. మన ఇళ్ళలో మాత్రం ముందు చూసుకోవాల్సింది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే చాలంటోంది, అంటే ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఉన్న భోజనంలో ఆ హద్దు ఎప్పుడు దాటామో కూడా తెలియదు. రిటైరై నిమ్మళంగా ఉన్న పెద్దాయనకూ బీపీ వచ్చేది ఇలాంటి కారణాల వల్లే.

"తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, నాకెందుకు మాత్ర?" అనేవాళ్ళకు: ఇది చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. చాలాసార్లు పక్షవాతం వచ్చాకో, కిడ్నీలు దెబ్బతిన్నాకో బయటపడుతుంది. మాత్ర వేసుకుంటున్నందువల్ల తగ్గిన అంకెను చూసి "నార్మల్ అయిపోయింది" అని ఆపేస్తే మళ్ళీ పెరుగుతుంది. కొన్ని రకాల మాత్రలు ఒక్కసారిగా మానేయడం మరీ ప్రమాదం. ధ్యానం, నడక మంచివే, చేయండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది మాత్రం డాక్టరు తేల్చాలి.

ఈ ప్రచారం వల్ల ఇంకొకరికీ అన్యాయం జరుగుతోంది. రాత్రుళ్ళు నిద్రపట్టక, గుండెదడతో నలిగిపోయే అమ్మాయికి బీపీ చూసి, 120/80 ఉంటే "నీకే టెన్షనూ లేదు, అన్నీ ఊహించుకుంటున్నావ్" అనేస్తారు. బీపీ మిషన్‌కు ఆందోళన కనిపించదు. దానికి చికిత్స వేరుగా ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.