పొడి బట్టలతో సముద్ర శిక్షణ

కేజీ బేసిన్ పుణ్యమా అని మా కాకినాడలో ఇప్పుడు వీధికొక ఆఫ్‌షోర్ కుర్రాడు తయారయ్యాడు. సముద్రంలో చమురు తవ్వే రిగ్గు మీదికి వెళ్ళాలంటే హెలికాప్టర్ ఎక్కాలి. ఆ హెలికాప్టర్ నీళ్ళలో పడితే బయటపడటం ముందే నేర్చుకోవాలి. దాని పేరు హ్యూయెట్. మా పక్కింటి కుర్రాడు మొన్న అది ‘పాసై’ వచ్చి, సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించుకుని, క్లాసు వీడియో నాకు చూపించాడు. అది చూశాక మన భద్రతా వ్యవస్థ మీద నాకు అపారమైన గౌరవం పుట్టుకొచ్చింది.

తెలివి తక్కువ చోట్ల ఈ శిక్షణ ఎలా ఇస్తారంటే, స్విమ్మింగ్ పూల్ మీద క్రేనుకి హెలికాప్టర్ లాంటి డబ్బా వేలాడదీస్తారు. అందులో మనుషుల్ని బెల్టులతో బిగించి నీళ్ళలోకి దించుతారు. అది చాలక తలకిందులు చేస్తారు. ఇంజన్ బరువంతా పైనే ఉంటుంది గనక నిజం హెలికాప్టర్ కూడా అలాగే తిరగబడుతుందట. ముక్కులోకి నీళ్ళు పోయి, పైనేదో కిందేదో తెలియని ఆ స్థితిలో, ఒక చెయ్యి కిటికీ అంచు మీంచి తీయకుండా, కదలిక ఆగేదాకా ఓర్చుకుని, కిటికీ తోసి, రెండో చేత్తో బెల్టు విప్పుకుని బయటికి రావాలి. పక్కన డైవర్లు కాపలా. పూలు, క్రేను, డైవర్లు! డబ్బులు ఎక్కువైతే ఇంతే.

మన శిక్షణ కేంద్రంలో ఇంత దుబారా లేదు. (పేరు చెప్పను. కింద బిర్యానీ హోటలు, పైన శిక్షణ.) ప్లాస్టిక్ కుర్చీలు రెండేసి చొప్పున వరసలు వేస్తే హెలికాప్టర్ రెడీ. రెక్కల పని సీలింగ్ ఫ్యాను చూసుకుంటుంది. సారు చప్పట్లు కొట్టి ‘మునిగాం!’ అన్నారు. అందరూ ముక్కులు మూసుకున్నారు. ‘తిరగబడ్డాం!’ అన్నారు. అందరూ మెడలు ఎడమకి వాల్చారు. ఒక శ్రద్ధగల విద్యార్థి తల తీసుకెళ్ళి మోకాళ్ళ మధ్య పెట్టేశాడు, సారు మెచ్చుకున్నారు. ఒకడు తొందరపడి లేచాడు. ‘బెల్టు తియ్యకుండా ఎలా లేస్తావురా?’ అని సారు గదిమితే వాడు నాలుక కరుచుకుని, మళ్ళీ కూర్చుని, లేని బెల్టుని జాగ్రత్తగా విప్పి లేచాడు. వెనక వరసలో ఒకడికి ఫోనొచ్చింది. వాడు ముక్కు మీద చెయ్యి తీయకుండానే ‘మునిగి ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా’ అన్నాడు. చివరికి అందరూ బతికి బయటపడ్డారు. ఒక్కడి క్రాపు కూడా చెదరలేదు. తర్వాత టీ.

‘ఈత వచ్చురా?’ అని అడిగాను.

‘దేనికి బాబాయ్? నాలుగేళ్ళు వ్యాలిడిటీ ఉంది’ అన్నాడు.

లైఫ్ జాకెట్ ఒకటే ఉందట. ఫొటో కోసం వంతుల వారీగా తొడుక్కున్నారు. దాన్ని ఎప్పుడు ఉబ్బించాలని అడిగితే ‘ప్రమాదం రాగానే’ అని సారు చెప్పారట. మునిగిన హెలికాప్టర్ లోపలే ఉబ్బించినవాణ్ణి ఆ జాకెట్టే పైకి ఎత్తి అదిమి పెడుతుంది. కిటికీ కింద ఉంటే అక్కడికి దిగలేక అందులోనే చస్తాడు. నవ్వుకునే మాట కాదిది. డబ్బులు తీసుకుని చావడం నేర్పుతున్నారు.

2021 మే 17న తౌక్టే తుఫానులో ముంబై దగ్గర పీ-305 బార్జి, అంటే చమురు పనివాళ్ళు సముద్రం మీద బస చేసే పెద్ద పడవ, మునిగింది. దాని మీద 261 మంది. బార్జి, వరప్రద అనే టగ్గు కలిపి 86 మంది పోయారు. ప్రాణాలు కాపాడాల్సిన గాలి తెప్పలకి, అదే లైఫ్ రాఫ్టులకి, చిల్లులున్నాయని బతికొచ్చినవాళ్ళు చెప్పారు. రాత్రంతా లైఫ్ జాకెట్లతో అలల్లో తేలినవాళ్ళని నేవీ ఏరుకొచ్చింది. తుఫాను హెచ్చరిక ముందే ఉంది. అయినా ఆ బార్జి అంతమందితో సముద్రంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత మామూలే. తప్పు నాది కాదంటే నాది కాదని అందరూ ఒకరి మీదొకరు తోసుకున్నారు.

నాకు మండేది ఇక్కడే. పైపులు వెల్డింగ్ చేసే కుర్రాడికీ, వంటవాడికీ కోర్సు కావాలి, సర్టిఫికెట్ కావాలి, ఫీజు వాళ్ళే కట్టుకోవాలి. ఒడ్డున ఏసీ గదిలో కూర్చుని ‘ఇంకో రెండు రోజులు చూసి బార్జిని ఒడ్డుకి లాగుదాం లే, రోజు అద్దె దండగ’ అనేవాడికి మాత్రం ఏ కోర్సూ లేదు. వాణ్ణి ఎవడూ తలకిందులు చెయ్యడు. చిల్లుల రాఫ్టుకి ‘బాగుంది’ అని టిక్కు పెట్టే చేతికి కూడా ఏ పరీక్షా లేదు.

మావాడు వచ్చే నెల ముంబై వెళ్తున్నాడు. ఫీజుకి వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టింది. ఈలోగా వాణ్ణి పొద్దున్నే స్విమ్మింగ్ పూలుకి తోలుకెళ్తున్నాను. మొదటి రోజే ముక్కులోకి నీళ్ళు పోయి, గట్టు పట్టుకుని దగ్గుతూ, ‘ఇది సిలబస్‌లో లేదు బాబాయ్’ అని నన్ను నానా తిట్లూ తిట్టాడు.