సంక్రాంతికీ ఉగాదికీ మధ్య ఒక తేదీ

కిందటి వేసవిలో మా అత్తగారిని శాన్ ఫ్రాన్సిస్కోలోని జపనీస్ టీ గార్డెన్‌కి తీసుకెళ్లాను. తెనాలి దగ్గర పల్లెలో ఆవిడ జీవితమంతా మొక్కల మధ్యే గడిచింది. సున్నాలో సగంలా లేచిన చెక్క వంతెన ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. నడుము ఎత్తున్న ఒక పైన్ చెట్టు ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డారు. "ఎవరో బిడ్డను సాకినట్టు సాకారే అమ్మాయ్! వాళ్ల ఇల్లెక్కడ?" అన్నారు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు.

1894లో గోల్డెన్ గేట్ పార్కులో జరిగిన ప్రదర్శన కోసం ఒక జపాన్ పల్లెను కట్టారు. ప్రదర్శన ముగిశాక దాన్ని శాశ్వతమైన తోటగా మార్చే పనికి జపాన్ నుంచి వలస వచ్చిన మకోటో హగివారా పూనుకున్నారు. జపాన్ నుంచి మొక్కలూ పక్షులూ గోల్డ్‌ఫిష్‌లూ తెప్పించి, సొంత డబ్బు పోసి, ఎకరం తోటను దాదాపు ఐదెకరాలు చేశారు. మధ్యలో కొన్నేళ్లు ఆయన్ని బయటికి పంపేశారు. ఆయన అక్కడికి దగ్గర్లోనే మరో టీ తోట పెట్టుకుని నిలబడ్డారు. 1907లో మళ్లీ పిలిస్తే వచ్చారు. వచ్చినవాళ్లకి టీతో పాటు చీటీ దాచిన బిస్కెట్లు పెట్టేవారు. ఈరోజు మనం చైనా హోటల్లో భోజనం తర్వాత విరిచే ఫార్చ్యూన్ కుకీ అలాంటిదే.

1925లో ఆయన పోయారు. అప్పటికి అమెరికా పౌరుడయ్యే దారి ఆయనకు లేదు. జపాన్‌లో పుట్టినవాళ్లు పౌరులు కాలేరని 1922లో తకావో ఒజావా కేసులో సుప్రీం కోర్టు తేల్చేసింది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థిండ్ కేసులో మనవాళ్లకీ అదే మాట చెప్పింది. ఆ రోజుల్లోనే అమెరికా వచ్చిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇన్ని మందులు ఇచ్చి కూడా పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు.

సరిగ్గా 19 ఏళ్లకు, 1942లో అదే ఫిబ్రవరి 19న, జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పుట్టిన పౌరులు. హగివారా కుటుంబమూ తోట వదిలి వెళ్లింది. ఇల్లు పడగొట్టారు. తోట పేరులోంచి 'జపనీస్' తీసేసి 'ఓరియంటల్' పెట్టారు. పాత పేరు 1952లో గానీ తిరిగి రాలేదు. అత్తగారు ఇల్లెక్కడని అడిగిన చోట ఇప్పుడు పల్లంలో చిన్న తోట ఉంది.

మన తెలుగు సంఘంలో ఒక మాట తరచూ వింటాను: పదిమందికీ పనికొచ్చేలా బతికితే మనల్ని ఎవరూ పరాయివాళ్లుగా చూడరు అని. ఫుడ్ బ్యాంకులో గంటలు పెట్టే మన పిల్లలంటే నాకెంతో గర్వం, ఆ పని ఇంకా పెరగాలి. కానీ ఊరి కోసం హగివారా కుటుంబం చేసినంత సేవ మనలో ఎందరు చేయగలం? ఆ సేవ వాళ్లను కాపాడలేదు. వాళ్లకు అన్యాయం జరిగిన రోజున పక్కన నిలబడే ఇరుగుపొరుగు కావాల్సింది, అలాంటివాళ్లు చాలా తక్కువైపోయారు. శిబిరాలకు వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు దశాబ్దాల పాటు పోరాడితే 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకు తలా 20,000 డాలర్లు ఇచ్చింది.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. మన క్యాలెండర్‌లో సంక్రాంతికీ ఉగాదికీ మధ్య ఫిబ్రవరి 19ని చేర్చండి. ఏటా ఆ రోజుల్లో శాన్ హోసే జపాన్‌టౌన్‌లో స్మరణ సభ పెట్టి, కొవ్వొత్తులతో వీధుల్లో నడుస్తారు. మనకు వేరే వేదిక అక్కర్లేదు, మైకూ అక్కర్లేదు. పిల్లల్ని తీసుకుని వెళ్లి వాళ్లతో నడుద్దాం. వచ్చే ఫిబ్రవరిలో నా కారులో ఆరుగురికి చోటుంది. అత్తగారు అప్పటికి మళ్లీ ఇక్కడే ఉంటారు, ఒక సీటు ఆవిడది.