యుద్ధవిమానం కొనదలచిన గృహస్థులకు

ఆధునిక యుద్ధవిమానాల్లో ఏది గొప్పదన్న వాదం ఎక్కడ మొదలైనా, వాదించేవారికి క్షిపణుల దూరాలు, రాడార్ల పేర్లు కంఠతా వచ్చి ఉంటాయి గాని, ఆ విమానాన్ని నిజంగా కొంటే దానితో ఎలా వేగాలన్న ప్రశ్న మాత్రం ఒక్కరికీ తట్టదు. కొనేవాడి పక్షాన నిలిచి చేసిన పోలిక ఒక్కటీ కనిపించకపోవడం విచారకరం. ఆ లోటును కొంతైనా పూడ్చడానికే ఈ వ్యాసం.

వేగం సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ధ్వనికి రెండింతల వేగమే ఘనత అయితే, 1950లలో రూపుదిద్దుకున్న మిగ్-21 ఆ పని ఎప్పుడో చేసి చూపించింది. ఫ్రాన్స్ వారి రఫేల్ గరిష్ఠ వేగం మాక్ 1.8, అంటే ధ్వనికి 1.8 రెట్లు; అమెరికా వారి ఎఫ్-35ది మాక్ 1.6. దశాబ్దాల పరిశోధన తరువాత మనవలు తాతల కన్నా నిదానస్తులయ్యారని దీని సారాంశం. అదనపు వేగం కోసం ఇంజను తోక దగ్గర మరికొంత ఇంధనం మండించే ఆఫ్టర్‌బర్నర్ వెలిగిస్తే ఇంధనం ఖర్చయ్యే తీరు చూసిన యజమాని ఎవరైనా నిదానమే ప్రధానమని ఒప్పుకుంటాడు. ఇక రఫేల్ తన ఖాళీ బరువుకు దాదాపు సమానంగా 9.5 టన్నులను రెక్కల కింద, పొట్ట కింద మోయగలదు. ఇల్లు మారే కుటుంబాలకు ఇంతకంటే ఉపకరించే గుణం మరొకటి లేకపోయినా, వాదించేవారెవరూ దీనిని ఆ కోణంలో చూడరు.

రాడార్‌కు చిక్కని విమానాల విషయంలో కొంత ఆగి ఆలోచించాలి. వాటిలో అగ్రగణ్యమైన ఎఫ్-22ను ఇతర దేశాలకు అమ్మకూడదని అమెరికా కాంగ్రెస్ 1998 ఆర్థిక సంవత్సరపు రక్షణ వ్యయ చట్టంలోనే శాసించింది. సేవకు పనికొచ్చేవి 187 తయారయ్యాక కర్మాగారమే మూసేశారు. కాబట్టి దాని గుణగణాలు ఎంత వర్ణించినా అవి కొనుగోలుదారుకు సంబంధించినవి కావు. మిగిలినవాటిలో ముఖ్యమైనది ఎఫ్-35. నలుగురికీ చూపించుకోవడానికే కొనే వస్తువు ఎవరికీ కనబడకపోవడంలో ఎంత సుఖముందో నాకు అర్థం కాలేదు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఒక పైలట్ ఎఫ్-35లోనే ఒక రకమైన ఎఫ్-35బి నుంచి బయటపడి ఎవరింటి పెరట్లోనో దిగితే, విమానం మాత్రం తన దారిన తాను పోయింది. ఆచూకీ తెలిసినవారు ఫోన్ చేయవలసిందిగా సైన్యం ప్రజలను వేడుకుంది. శిథిలాలు మర్నాడు గాని దొరకలేదు. శత్రువుకే కాక యజమానికి కూడా కనిపించకపోవడం ఈ నమూనా ప్రత్యేకత.

దాని హెల్మెట్ ఒక్కటే సుమారు 4 లక్షల డాలర్లు. పైలట్ తల కొలతలు తీసి ఆ ఒక్క తలకే అమరుస్తారు కనుక, బావమరిది సరదాపడితే ఆయనకు వేరొకటి చేయించాలి. ఏనుగును కొని అంకుశానికి వెనకాడకూడదని పెద్దలు ఊరికే అనలేదు. ఎఫ్-35 కార్యక్రమం మొత్తం ఆయుష్షుకు అయ్యే ఖర్చు 2 లక్షల కోట్ల డాలర్లు దాటుతుందని అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ అంచనా వేసింది. అందులో సింహభాగం కొనడానికి కాదు, కొన్నదాన్ని నడుపుకుంటూ కాపాడుకోవడానికి.

నిలిపే చోటు చూసుకోకుండా బయానా ఇవ్వరాదు. 2025 జూన్‌లో బ్రిటిష్ నౌకాదళ ఎఫ్-35బి ఒకటి తిరువనంతపురంలో అత్యవసరంగా దిగి, హైడ్రాలిక్ లోపంతో నెలకు పైగా అక్కడే ఉండిపోయింది. ఇంత మంచి చోటును వదిలి వెళ్లాలనిపించడం లేదని విమానమే చెబుతున్నట్టుగా కేరళ పర్యాటక శాఖ ప్రకటన కూడా వేసుకుంది. ఈ బాధ వద్దనుకునేవారికి స్వీడన్ గ్రిపెన్ నచ్చవచ్చు. సుమారు 800 మీటర్ల తిన్నని రోడ్డు ఉంటే అది దిగుతుంది, లేస్తుంది. అయితే దాని కొత్త రకమైన గ్రిపెన్-ఇలో ఉన్నది అమెరికా ఇంజను కనుక, స్వీడన్ వారు దానిని ఎవరికి అమ్మాలన్నా అమెరికా తల ఊపాలి.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది: డబ్బు కట్టినంత మాత్రాన విమానం చేతికి రాదు. 1996లో పెప్సీ ఒక టీవీ ప్రకటనలో, తన పానీయాలు కొన్నవారికి వచ్చే పాయింట్లు 70 లక్షలు కూడబెడితే హ్యారియర్ అనే యుద్ధవిమానం అని చూపించింది. పాయింటు 10 సెంట్లకు దొరుకుతుందని గమనించిన ఒక అమెరికన్ విద్యార్థి 7 లక్షల డాలర్ల చెక్కు పంపి విమానం ఇమ్మన్నాడు. అది హాస్యమని బుద్ధిమంతులందరికీ తెలుస్తుందని 1999లో కోర్టు తేల్చింది. ఆ ప్రకటనలో చూపినట్టు కుర్రవాడు జెట్‌లో బడికి వెళ్లడం నమ్మదగినది కాదని న్యాయమూర్తి వివరంగా చర్చించవలసి రావడం మాత్రం న్యాయశాస్త్రానికి దక్కిన అలంకారం.

ఆ విద్యార్థి అమాయకుడనుకుంటే, ప్రభుత్వాలు అంతకు మించిన అమాయకత్వం చూపాయి. ఎఫ్-35 కార్యక్రమంలో భాగస్వామిగా డబ్బు కట్టి, విడిభాగాలు కూడా తయారుచేసిన టర్కీ, రష్యా నుంచి ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొన్నందుకు 2019లో బయటికి వెళ్లవలసి వచ్చింది. టర్కీ కోసం తయారైన విమానాలు అమెరికాలోనే ఉండిపోయాయి. అంతకుముందు పాకిస్తాన్ ఎఫ్-16లకు సొమ్ము చెల్లించింది. 1990లో అణు కార్యక్రమం కారణంగా అమెరికా వాటి సరఫరా ఆపివేయగా, తయారైన 28 విమానాలు అరిజోనా ఎడారిలో ఎండకు ఎండుతూ కూర్చున్నాయి. చివరికి 1998లో కుదిరిన రాజీలో కొంత నగదు రూపంలోనూ, కొంత గోధుమల వంటి సరుకుల రూపంలోనూ తిరిగి ఇచ్చారు.

కావున కొనుగోలు ఒప్పందం రాయించేటప్పుడు ఇంజను శక్తి, రాడార్ పరిధి వంటి చిన్న విషయాలను అనుబంధంలోకి నెట్టి, విమానం రాని పక్షంలో ఏ ధాన్యం ఇస్తారు, బస్తాకు ఎన్ని కిలోలు, తేమ శాతం ఎంత మించరాదు, రవాణా ఖర్చు ఎవరిది అన్న అంశాలను మొదటి పేజీలోనే స్పష్టంగా చేర్పించుకోవాలని గృహస్థులకు మనవి.