ముర్రే నది మెల్లగానే పారుతుంది, అయినా లెక్క వేసుకుని దిగండి

ఆస్ట్రేలియాలో ఎండాకాలం మొదలవగానే మన తెలుగు గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ముర్రేలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) వేసుకుని రెండు మూడు రోజులు పోదామనుకుంటున్నాం. రాళ్లూ జలపాతాలూ ఏమీ లేవు కదా, ఈత రాకపోయినా ఫర్వాలేదా?" కింద ఇరవై మంది "ఏం కాదు బ్రో, ఎంజాయ్" అని రాస్తారు. ఆ ఇరవై మంది మీద నాకు నిజంగా కోపం. ఈత రాకపోతే ఫర్వా ఉంది. రాళ్లు లేకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు.

ముందు ఈ నది వాలు ఎంతో చూడండి. ఆల్బరీ దగ్గర నీళ్లు సముద్ర మట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడి నుంచి నదీముఖం, అంటే నది సముద్రంలో కలిసే చోటు, ఇంకా 2,200 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు ఏడు సెంటీమీటర్ల వాలు కూడా లేదు. దిగువన బ్లాంచ్‌టౌన్‌లో ఉన్న ఒకటో నంబరు లాకు (పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దించే గది) దాటాక ఆ కాస్తా పోతుంది. చివరి 274 కిలోమీటర్లూ నీటిమట్టం మామూలు రోజుల్లో సముద్ర మట్టానికి ముప్పాతిక మీటరు ఎత్తున చెరువులా నిలిచి ఉంటుంది. కాబట్టి ఆల్బరీకి కాస్త ఎగువన ఉన్న హ్యూమ్ డ్యామ్ కింద నది మిమ్మల్ని గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు ఊరికే తీసుకుపోతుంది కానీ, దక్షిణ ఆస్ట్రేలియాలో ప్రతి అడుగూ మీ భుజాలే లాగాలి. ఎగువన ఒక రోజులో 60 కిలోమీటర్లు పోయినవాళ్లు అదే లెక్క దిగువకూ వేసుకుని సెలవులు పెట్టడం వల్ల చాలా యాత్రలు మధ్యలో ఆగిపోతాయి. హ్యూమ్‌కు కూడా ఎగువన ఉన్న బ్రింగెన్‌బ్రాంగ్ వంతెన దగ్గర మొదలుపెట్టి మొత్తం నది పోవాలంటే సుమారు 2,400 కిలోమీటర్లు. రోజుకు సగటున 40 అనుకుంటే తెడ్డు వేసే రోజులే 60. గాలికి ఆగిపోయే రోజులు, ఊళ్లలో సరుకులు కొనుక్కునే రోజులు కలుపుకుంటే పది వారాలు. అంతకంటే తక్కువలో పోయేవాళ్లు లేకపోలేదు, వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు.

ఇక అసలు ప్రమాదం చెట్లు. ఒడ్డున ఉండే రివర్ రెడ్ గమ్ చెట్లు మట్టి కోసుకుపోయి నదిలో పడతాయి. నీళ్లు ఆ కొమ్మల్లోంచి జల్లెడలోంచి పోయినట్టు పోతాయి, పడవా మనిషీ మాత్రం అక్కడే ఆగిపోతారు. వెనక నుంచి నీటి ఒత్తిడి ఆగదు. గంటకు నాలుగు కిలోమీటర్ల ప్రవాహం నడక వేగమే కదా అనిపిస్తుంది, కానీ ఆ ఒత్తిడికి నిండా బరువున్న కయాక్ కొమ్మకు అతుక్కుంటే ఇద్దరు మనుషులు లాగినా రాదు. హ్యూమ్ నుంచి దిగువన యారవొంగా ఊరి దాకా ఇది మరీ ఎక్కువ.

మలుపు రాకముందే చూపు అటువైపు ఉండాలి. నీళ్లు మలుపు బయటి ఒడ్డును వేగంగా కోస్తాయి, చెట్లు పడేదీ అక్కడే. అందుకని ఎప్పుడూ లోపలి వైపు, ఇసుక తిన్నె వైపు ఉండండి. మలుపులోకి వెళ్లాక పక్కకు తప్పుకుందామనుకుంటే ఆలస్యమైపోతుంది. అయినా పడవ అడ్డం తిరిగి దుంగ మీదకు పోతుంటే మనసు చెప్పేదానికి ఉల్టా చేయాలి. దుంగ నుంచి దూరంగా వంగకండి, దుంగ వైపే వంగి దాన్ని కౌగిలించుకోండి. దూరంగా వంగితే ఎగువ అంచు నీళ్లలో మునుగుతుంది, ప్రవాహం పడవపైకి ఎక్కి ఒక్క క్షణంలో బోర్లా తిప్పేస్తుంది. అప్పటికే నీళ్లలో పడిపోతే, చెట్టు తప్పదనుకుంటే, తల ముందుకు పెట్టి బలంగా ఈదుతూ దుంగ పైకి ఎక్కండి. కాళ్లు ముందు పెట్టి తేలితే కొమ్మల కిందకు జారిపోతారు.

"ఆ చెట్లన్నీ తీసేయొచ్చుగా?" అని అడుగుతారు. ఒకప్పుడు తీశారు. ఆవిరి పడవలు తిరగడానికి దుంగలన్నీ ఊడబెరికి పారేశారు. ముర్రే కాడ్ లాంటి చేపలకు ఆ దుంగలే ఇళ్లని తర్వాత తెలిసి వేల దుంగలు తిరిగి నదిలో దించారు. అవి నదికి కావాలి. తప్పుకోవాల్సింది మనమే.

రెండోది చలి. హ్యూమ్ డ్యామ్ నుంచి వదిలేది అడుగు నీళ్లు. జనవరిలో బయట 40 డిగ్రీలున్నా ఆల్బరీ దగ్గర నీళ్లు జిల్లుమంటాయి. అనుకోకుండా పడగానే మనిషి నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీలుస్తాడు, అది ఆపుకోలేం. ఆ క్షణంలో మొహం నీళ్లలో ఉంటే ఎంత ఈత వచ్చినా నీళ్లే లోపలికి పోతాయి. లైఫ్ జాకెట్ మొహాన్ని పైన ఉంచేది ఆ క్షణం కోసమే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పదుల మంది పోయారు. అది చూసిన తెలుగువాళ్లం ఇక్కడికొచ్చి జాకెట్‌ను సీటు కింద దిండులా పెట్టుకోవడం నేను ఒప్పుకోలేను. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటకూడదు. దాటితే అది మీ సైజు కాదు.

లాకుల గురించి మన గోదావరి కాలువల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ముర్రే మీద లాకులు 13. ఒకటి నుంచి పదకొండు, తర్వాత పదిహేను, తర్వాత టొరంబరీలో ఇరవై ఆరు. 26 కట్టాలనుకుని మధ్యలో ఆపేశారు, నంబర్లు మాత్రం అలాగే మిగిలాయి. కయాక్‌నైనా డబ్బు తీసుకోకుండా దించుతారు. పగటి వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మధ్యాహ్న భోజనం వేళ మూసేస్తారు. లోపల సుమారు మూడు మీటర్లు కిందకు దిగుతారు. గోడ తాడును చేత్తో వదులుగా పట్టుకోండి, పడవకు ముడి మాత్రం వేయకండి. నీళ్లు దిగుతుంటే ముడి వేసిన పడవ గోడకు వేలాడి తిరగబడుతుంది. లాకు పక్కన ఉండే ఆనకట్ట ఎగువ నుంచి అసలు కనపడదు, నీళ్ల మీద ఒక తిన్నని గీతలా ఉంటుంది. ఆ గీత కనిపించిందంటే వెంటనే లాకు వైపు ఒడ్డుకు చేరండి. ఆనకట్ట కింద నీళ్లు వెనక్కి తిరుగుతూ పడినదాన్ని అక్కడే దొర్లిస్తాయి. హ్యూమ్, యారవొంగాలలో లాకులు లేవు. పడవను ఒడ్డు మీదుగా తీసుకుపోవాలి, దానికి రెండు చక్రాల ట్రాలీ ఉండాల్సిందే.

పడవ విషయానికొస్తే, సూపర్ మార్కెట్లో అమ్మే మూడు మీటర్ల ప్లాస్టిక్ బొమ్మ పడవతో ఒక పూట సరదా అవుతుంది, యాత్ర కాదు. పొడుగు 4.8 నుంచి 5.2 మీటర్లు, ముందూ వెనకా నీళ్లు చొరని గదులు, చుక్కాని ఉన్న టూరింగ్ కయాక్ కావాలి. గదుల్లో గాలి ఉంటేనే బోర్లా పడ్డా పడవ తేలుతుంది. తెడ్డు 210 నుంచి 220 సెంటీమీటర్లు, అదనంగా రెండు ముక్కల తెడ్డు ఒకటి డెక్ మీద కట్టి ఉండాలి. బరువులో ఎక్కువ భాగం సీటు వెనక, అడుగున. ముక్కు మరీ తేలికైతే గాలి దాన్ని తోసేస్తుంది. తోక తేలికైతే పడవ పదే పదే గాలికి ఎదురు తిరుగుతుంది, దాన్ని సరిచేయడానికే చేతులు అరిగిపోతాయి. 60 లీటర్ల ఒకే పెద్ద డ్రై బ్యాగు (నీళ్లు చొరని సంచి) కొనకండి, అది గది మూత కన్నంలోంచి దూరదు. పది లీటర్లవి ఆరేడు కొనండి.

తెడ్డు చేతులతో కాదు, నడుము తిప్పి వేయాలి, కాళ్లతో పెడల్ మీద తన్నుతూ. పిడికిలి బిగించకండి. బిగిస్తే మూడో రోజుకల్లా మణికట్టు టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) వాచి కిర్రుమంటుంది, ఇక యాత్ర అక్కడితో ఆగినట్టే.

నీళ్ల బరువు ఎవరూ లెక్కపెట్టరు. వెంట్‌వర్త్ నుంచి రెన్‌మార్క్ దాకా సుమారు 260 కిలోమీటర్లు, మధ్యలో ఊళ్లున్నాయని నమ్ముకోకండి. రోజుకు 40 చొప్పున ఏడు రోజులు, రోజుకు ఐదు లీటర్లు, మొత్తం 35 కిలోలు. నది నీళ్లు మరిగించి తాగుతాం అంటారా? నీలి ఆకుపచ్చ నాచు ఉన్నప్పుడు మరిగించినా దాని విషం పోదు, అందుకని బయల్దేరే ముందు హెచ్చరికలు చూసుకోవాలి. తిండికి అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, కందిపొడి, పులిహోర పులుసు బాగా పనికొస్తాయి. బియ్యం వండితే గ్యాసు రెండింతలు ఖర్చవుతుంది. ఒక్క జాగ్రత్త, దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు నదిలోనే దాటుతారు. పండు ఈగ వల్ల పండ్లు, టమాటాలు, పచ్చిమిరపకాయలు లోపలికి తేవడం మీద నిబంధనలున్నాయి. నది మీద ఎవరు చూస్తారులే అనుకోకండి, ఆ తోటల రైతుల బతుకు దాని మీదే ఉంది. సరిహద్దుకు ముందే తినేయండి.

రాత్రికి గుడారం రెడ్ గమ్ చెట్టు కింద వద్దు. గాలి లేని రోజున కూడా ఆ చెట్టు పెద్ద కొమ్మను ఉన్నట్టుండి వదిలేస్తుంది. తిన్నె మీద, నీటి అంచుకు బాగా పైన వేసుకోండి. డ్యామ్ నుంచి వదిలే నీళ్లను బట్టి రాత్రికి రాత్రే మట్టం పెరగొచ్చు. పడవను పైకి లాగడమే కాదు, తాడుతో కట్టాలి కూడా.

దిగువన గాలే యజమాని. ఎదురుగాలి గంటకు 25 కిలోమీటర్లు దాటితే మీ వేగం సగానికి పడిపోతుంది. తెల్లారకముందే లేచి, వెలుగు రాగానే బయల్దేరి, మధ్యాహ్నానికి ఒడ్డెక్కేయండి. నది చివర్లో వెలింగ్టన్ అనే ఊరు దాటాక వచ్చే అలెగ్జాండ్రీనా సరస్సు లోతు తక్కువది, అందుకే కాస్త గాలికే అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి. ఒడ్డు పట్టుకునే పోవాలి, గాలి ఉంటే రెండు రోజులైనా ఆగాలి. గూల్వా బ్యారేజీ అవతల నదీముఖం దగ్గర సముద్రపు అలలూ, ఆటుపోట్లూ, కదిలే ఇసుకా ఉంటాయి. 2002 నుంచి చాలా ఏళ్లు అక్కడ ఇసుక తోడుతూనే వచ్చారు. ఆ చివరి ముక్క సముద్రంలో కయాక్ నడపడం వచ్చినవాళ్లకే. మిగతావాళ్లు ఒడ్డు మీద నడిచి వెళ్లి చూసి రావచ్చు.

మొదటిసారి అయితే మొత్తం నది వద్దు. యారవొంగా ఆనకట్ట కింద దిగి టొకుమ్‌వాల్ దాకా వెళ్లండి, నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, మూడు పగళ్లు. ప్రవాహం ఉంటుంది, కాబ్రమ్ చుట్టూ ఇసుక తిన్నెలు పుష్కలం, దుంగలు తప్పుకోవడం నేర్చుకోవచ్చు. ఒక కారు టొకుమ్‌వాల్‌లో ముందే పెట్టి రండి, ఆ తాళం చెవి మాత్రం యారవొంగాలో ఆపిన కారులో మర్చిపోకుండా డ్రై బ్యాగులో వేసుకోండి.