ఎగరని విమానంపై ఏకసభ్య విచారణ

బెజవాడలో ఒక మనిషి తన ఇంట్లో, తన డబ్బుతో, తన ఆదివారం పూట ప్లాస్టిక్ విమానం బొమ్మ అతికించుకోవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. ఈ సంగతి ఒక లాయరు మిత్రుడిని అడిగి మరీ ఖాయం చేసుకున్నాను. ఆయన అంతా శ్రద్ధగా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అది సరేగానీ, ఎగురుతుందా?" అన్నాడు.

ఎగరదు. పెద్దలందరికీ ముందే మనవి చేసుకుంటున్నాను, ఎగరదు. రిమోట్ లేదు, బ్యాటరీ పెట్టే చోటు లేదు. అసలు విమానంలో 72వ వంతు. ఎంత సాగదీసి కొలిచినా 12 సెంటీమీటర్లు, అంటే చక్కెరకేళి కన్నా పొట్టి.

విమానం పేరు గ్నాట్. దోమ జాతి చిన్న పురుగు అని ఆ మాటకు అర్థం. అంత పురుగు ఏం చేస్తుందిలే అని 1965లో పాకిస్తాన్ సేబర్ జెట్లకు అనిపించిందేమో గానీ, బందరు కాలువ పక్కన కాపురం ఉన్నవాడికెవడికీ అనిపించదు. 1971 డిసెంబరు 14న ఆరు సేబర్లు శ్రీనగర్ మీద పడ్డప్పుడు, రన్‌వే మీద బాంబులు పేలుతుండగానే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ పైకి లేచింది ఇందులోనే. వాటితో తలపడి ప్రాణమిచ్చాడు. మన వైమానిక దళానికి దక్కిన పరమవీర చక్ర ఆ ఒక్కటే.

నా కిట్ మా మేనమామ అటక మీది నుంచి దిగింది. పెట్టె తెరిస్తే బొద్దింకల వాసన. పైగా అందులో ఉన్నది సెఖోన్ విమానం కాదు, బ్రిటిష్ వాళ్ల రెడ్ యారోస్ వైమానిక విన్యాసాల జట్టు వాడిన రెండు సీట్ల శిక్షణ రకం. రెక్కలు పెద్దవి, ఒళ్లు పొడుగు. రెండు సీట్లు కోసి ఒకటి చెయ్యాలి. సీటు తగ్గించడం ఎంత కష్టమో ఈ ఊళ్లో వేరే చెప్పాలా? ఇక ఒళ్లు రెండు చెక్కలుగా వస్తుంది. దగ్గర పెడితే పెట్టుపోతల దగ్గర అలిగిన వియ్యంకుల్లా ఎడమొహం పెడమొహం. ఆ సందులో లప్పం పెట్టు, ఆరబెట్టు, ఉప్పుకాగితం పట్టు, మళ్లీ పెట్టు. స్టిక్కర్లు పసుపుపచ్చగా మారి ఉన్నాయి. వాటిని కిటికీ అద్దానికి అంటించి ఎండలో ఉంచితే తెల్లబడతాయి. వేరే దేశాల్లో ఎన్నాళ్లు పడుతుందో గానీ, మే నెల బెజవాడలో మూడు రోజుల్లో తెల్లబడ్డాయి. నాలుగో రోజు నీళ్లలో వేస్తే అప్పడాల్లా ముక్కలైపోయాయి. మన వైమానిక దళం గుర్తు, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వృత్తాలు చేత్తోనే వేద్దామని కూర్చున్నాను. ఎదురింటాయన తొంగి చూసి, "ఏ పార్టీ?" అని అడిగాడు.

ఇవన్నీ భరించవచ్చు. మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాలయ్యాక జరిగిన బంధువుల సభ సంగతి మాత్రం రికార్డు కావాలి. విమానానికి ముందురోజే వెండి రంగు వేశాను. వెండి రంగు కింద తల వెంట్రుక పడినా కాలువ తవ్వినట్టు కనబడుతుంది. దాన్ని మా పెద్దబావగారు బల్ల మీది నుంచి లడ్డూ తీసుకున్నట్టు తీసుకున్నారు. ఎగురుతుందా అన్నారు. ఎగరదన్నాను. ఆయన దాన్ని పక్కాయనకు ఇచ్చి, "ఎగరదంట" అన్నారు. ఆయన తిప్పి చూసి, మోటారు పెట్టిస్తే ఎగురుతుందని తీర్పు చెప్పి అవతలికి అందించాడు. గవర్నరుపేటలో డ్రోన్లు బాగుచేసే కుర్రాడు తెలుసని ఒకరు. ఎంతయిందని ఒకరు. చెప్పాను. గదిలో నిశ్శబ్దం. ఆ డబ్బుకి ఇంకో నాలుగు వేలు కలిపితే అసలు విమానంలోనే హైదరాబాద్ వెళ్లి రావచ్చు కదా అని మా పిన్నిగారు గన్నవరం టికెట్టు లెక్క కట్టారు. చివరికి విమానం ఊరంతా తిరిగి నా దగ్గరికి చేరింది. ఎడమ రెక్క మీద, స్పష్టంగా, గీతలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా, గోంగూర పచ్చడి బొటనవేలి ముద్ర. నూనె సహా. నేరస్థుడెవరో తేల్చడానికి నేనే ఏకసభ్య విచారణ సంఘంగా ఏర్పడ్డాను. అందరూ చేతులు కడుక్కుని ఉన్నారు.

ఒక్క మాట అడుగుతాను. కొండపల్లి ఇక్కడికి కూతవేటు. తెల్ల పొణికి చెక్క చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులద్దిన ఏనుగు అంబారీ ఈ బావగారి షోకేసులోనే ఉంది. పాతికేళ్లుగా చూస్తున్నాను. అది నడుస్తుందా అని ఆయన్ని ఎవడైనా అడిగాడా? నేను పెట్టే లప్పం ఆ మక్కుకు తమ్ముడు కాదా?

పైఅంతస్తులో ఒక పిల్లాడున్నాడు. ఎనిమిదో తరగతి. ఎగురుతుందా అని అడగనివాడు ఈ అపార్టుమెంటులో వాడొక్కడే. "ముందు చక్రం ఎందుకు లేస్తోంది అంకుల్?" అన్నాడు. నిజమే, విమానం తోక మీద కుక్కలా చతికిలబడుతోంది. ముక్కులో బరువు లేక. వాడే ఆలోచించి, కృష్ణలో వలలు వేసేవాళ్లని అడిగి సీసపు గుళ్లు తెచ్చి లోపల ఇరికించాడు. తర్వాత సన్న కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి, కాషాయం వలయం గీశాడు. నా చెయ్యి వణుకుతుంది. వాడిది వణకలేదు. అప్పుడు వాళ్ల నాన్న దిగొచ్చాడు. వాడికి ఐఐటీ ఫౌండేషన్ క్లాసుంది. వెళ్తూ వెళ్తూ నవ్వుతూనే అన్నాడు: "దీనికి మార్కులేమన్నా ఉంటాయా అండీ?"

ఉండవు. ఉండవయ్యా! బరువు ఎక్కడుంటే బండి ఎటు ఒరుగుతుందో పన్నెండేళ్లవాడు చేత్తో పట్టి తెలుసుకున్నాడు, అదే పాఠం రేపు నువ్వు లక్షలు పోసి బోర్డు మీద చెప్పిస్తావు, వాడికి అర్థం కాకపోతే హాస్టల్లో పడేస్తావు. ఏరోస్పేస్ ఇంజనీరు కావాలి, కానీ ఉప్పుకాగితం ముట్టుకోకూడదు. చేతులు ఓఎంఆర్ షీటు మీద చుక్కలు నింపడానికేనా దేవుడిచ్చింది? ఈ ఊళ్లో ఎన్ని వేల పిల్లల చేతులు ఇలా పనికిరాకుండా పోయాయో లెక్క ఎవడు రాస్తాడు?

క్షమించాలి. సంఘం గంభీరత తప్పింది.

ప్రస్తుత పరిస్థితి ఇదీ. గుళ్లు చాలలేదు, తోక కింద అగ్గిపుల్ల ముక్క పెట్టి నిలబెట్టాను. గోంగూర ముద్ర ఉప్పుకాగితానికి సగమే లొంగింది. ఫౌండేషన్ వాళ్లకు ఆదివారం కూడా సెలవు లేదట. కుడి రెక్క మీది వలయంలో ఆకుపచ్చ చుక్క మిగిలి ఉంది. కుంచె కడిగి పక్కన పెట్టాను. ఆ చుక్క వాడి పని.